అప్పిచ్చినవాడు ఎక్కడ నిలబడాలి?

(రేడియో ప్రసంగ పాఠము)

  పని మీద ఉండి వింటున్నవారు పని చేసుకుంటూనే వినండి. బైబిలు దగ్గరున్నవారు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తీసి 10వ వచనము దగ్గర వేలు పెట్టుకోండి.

ఈ భాగాన్ని మనం సంఘములో ఎక్కువగా చదవము. ఆరాధనలో కీర్తనలు చదువుతాము, సువార్తలు చదువుతాము. అప్పులు, తాకట్లు, త్రాసులు, రాళ్లు గురించిన అధ్యాయాలు వచ్చేసరికి పేజీ తిప్పేస్తాము. నేనూ చాలా సంవత్సరాలు అలాగే తిప్పేశాను. ఎందుకు తిప్పలేకపోయానో ఈ రోజు మీతో చెప్పాలి.

అక్కడ మోషే ద్వారా దేవుడు ఏమి చెబుతున్నాడో నా మాటల్లో చెబుతాను. నీవు ఒకనికి అప్పిచ్చావు. తాకట్టు వస్తువు తీసుకోవడానికి అతని ఇంటికి వెళ్లావు. గడప దాటి లోపలికి పోవద్దు. బయట ఆగు. అతనే లోపలికి వెళ్లి, తాను ఇవ్వగలిగినది తన చేతులతో తెచ్చి నీకిస్తాడు. అతను బీదవాడైతే, అతను కప్పుకునే దుప్పటిని రాత్రి నీ దగ్గర ఉంచుకోవద్దు. పొద్దు గుంకేవేళకు తిరిగి ఇచ్చెయ్యి. అదే అధ్యాయములో 6వ వచనం చూస్తే, తిరగలిని తాకట్టు పట్టకూడదన్నాడు. తిరగలి పోతే పిండి లేదు, పిండి లేకపోతే రొట్టె లేదు. ఒక ఇంటి తిరగలి తీసుకుపోవడమంటే ఆ ఇంటి ప్రాణం తీసుకుపోవడమే అన్నాడు. 17వ వచనంలో విధవరాలి బట్ట ముట్టుకోవద్దన్నాడు.

ప్రియులారా, గమనించండి. అప్పు ఇవ్వవద్దని చెప్పలేదు. అప్పిచ్చినవాడికి తన సొమ్ము అడిగే హక్కు లేదని కూడా చెప్పలేదు. అయితే ఆ హక్కు గడప దగ్గర ఆగాలి. లోపల భార్య ఉంటుంది, పిల్లలుంటారు, ఖాళీ కుండలుంటాయి. అవి నీవు చూడనక్కర్లేదు. సీనాయి కొండ మీద ఉరుములతో మాట్లాడిన దేవుడు, ఒక పేదవాడి గుమ్మం దగ్గర అప్పులవాడు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో కూడా ఆలోచించాడు.

ఇప్పుడు నా మాట. 2010వ సంవత్సరం వేసవి. అప్పటికి మన రాష్ట్రములో ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థలు పల్లె పల్లెకూ వచ్చేశాయి. డ్వాక్రా గ్రూపుల సంగతి కాదు నేను చెప్పేది. వారం లోను అనేవారే, ఆ అప్పులు. మా సంఘములో ఒక సహోదరి ఉండేది. భర్త తాపీ పని. పైనుంచి పడి నడుముకు దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. ఆమె ఒక సంస్థ దగ్గర అప్పు తీసుకుంది. ఆ కిస్తీ కట్టడానికి రెండో సంస్థ దగ్గర, రెండోది కట్టడానికి మూడో సంస్థ దగ్గర. అడిగినవాడు లేడు, ఇంతకుముందు ఎన్ని ఉన్నాయమ్మా అని. ఎంతమందికి అప్పిస్తే అంత పేరు ఆ రోజుల్లో.

రెండు వారాలు కిస్తీ తప్పింది. మూడో మంగళవారం ఉదయం ఏడు గంటలకు ఆమె అరుగు మీద వసూలు కుర్రవాడు వచ్చి కూర్చున్నాడు. డబ్బు చేతిలో పడేదాకా లేవనన్నాడు. గ్రూపులో మిగతా ఆడవాళ్లను కూడా పిలిపించాడు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి, అదీ ఆ గ్రూపు పద్ధతి. వాళ్లూ కూలి పనులు మానుకుని వచ్చినవాళ్లే. ఎండ ముదిరేకొద్దీ కోపం ముదిరింది. మధ్యాహ్నానికి వాళ్లే ఇంట్లోకి వెళ్లి గ్యాసు పొయ్యి, సిలిండరు, రెండు బిందెలు బయటికి తెచ్చారు. మంచం మీద ఉన్న మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడట.

ఎవరో వచ్చి చెబితే నేను వెళ్లాను. వెళ్లాక నా కాళ్లు కదలలేదు. ఆ ఆడవాళ్లలో ముగ్గురు మా స్త్రీల సమాజములో ఉన్నవారు. అరుగు మీద కూర్చున్న కుర్రవాడు మా సంఘపు బిడ్డ. క్రిస్మస్‌కు పాటలు నేర్పేవాడు. ఉద్యోగం వచ్చినప్పుడు మోకాళ్ల మీద ఉంచి ప్రార్థన చేసింది నేనే. మొదటి జీతంలో దశమభాగం తెచ్చి కానుకల పెట్టెలో వేస్తే అందరి ముందూ పేరు చదివి స్తోత్రం చెప్పింది నేనే. అది ఎలాంటి ఉద్యోగమో నేను ఒక్కనాడూ అడగలేదు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, నేను వట్టి చేతులతో వెళితే నా జీతంలో కోస్తారండి" అన్నాడు. ఏడుపు గొంతులో ఉంది. అతనూ బీదవాడే.

ఆ రోజు నా దగ్గరున్న డబ్బు, మరి కొందరి దగ్గర అడిగి తెచ్చిన డబ్బు కలిపి ఒక కిస్తీ కట్టాము. చీకటి పడ్డాక ఆ ఆడవాళ్లలో ఒకామె పొయ్యి, బిందెలు తిరిగి తెచ్చి గుమ్మంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇంటికి వచ్చి బైబిలు తెరిస్తే ఈ 24వ అధ్యాయం. పొయ్యి అంటే తిరగలి కాదా? అరుగు అంటే గడప కాదా?

ఈ వ్యాపారములో లెక్క ఎలా ఉండేదో కొంచెం చెబుతాను, ఎందుకంటే మోసం చాలాసార్లు లెక్కలోనే దాక్కుంటుంది. పదివేలు అప్పనుకోండి. వారానికి 225 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలి. మొత్తం 11,250. అంటే 1,250 వడ్డీ, నూటికి పన్నెండున్నర అని చెబుతారు. వినడానికి బాగానే ఉంది. కాని ఆ పదివేలూ సంవత్సరమంతా నీ చేతిలో లేవు కదా? మొదటి వారం నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నావు. సంవత్సరం మధ్యకు వచ్చేసరికి నీ దగ్గర సగమే ఉంది, వడ్డీ మాత్రం పదివేలకూ కడుతున్నావు. సరిగా లెక్క వేస్తే అది నూటికి 25 దాకా పోతుంది. చదువు రాని తల్లికి పన్నెండున్నర అని చెప్పి పాతిక తీసుకోవడం, కిలో రాయి పెట్టి అరకిలో తూచడం లాంటిదే.

ఆ సంవత్సరం అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరుసగా వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తరువాత అది చట్టమయింది. అప్పుకు తాకట్టు పట్టకూడదనీ, మొత్తం వడ్డీ అసలును మించకూడదనీ, ఇంటి మీదికి పోకుండా పంచాయతీ కార్యాలయము వంటి నలుగురూ ఉండే చోటనే వసూలు చేయాలనీ అందులో రాశారు. పత్రికలో చదివి నేను ఆశ్చర్యపోయాను. మూడు వేల సంవత్సరాల కిందట అప్పిచ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టిన మాటే, మన అసెంబ్లీ ద్వారా వచ్చింది.

దాని తరువాత ఏమైందో కూడా చెప్పకపోతే సత్యం సగమే చెప్పినట్టు. వసూళ్లు ఆగిపోయాయి. కట్టలేనివారితో పాటు కట్టగలిగినవారు కూడా కట్టడం మానేశారు. మన విశ్వాసులలో కూడా కొందరు "ఇక కట్టనక్కర్లేదంట" అని సంతోషపడ్డారు. అప్పు తీసుకుని తీర్చనివాణ్ణి 37వ కీర్తన ఏమని పిలుస్తుందో ఇంటికి వెళ్లి 21వ వచనం చదువుకోండి. అవతలివాడు అన్యాయస్థుడు కాబట్టి నా అన్యాయం నీతి అయిపోదు.

చట్టాలు మారుతుంటాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. అంతకుముందే 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు సొంత నియమాలు పెట్టింది. ఇవి మీకు పనికివస్తాయి, వినండి. సూక్ష్మ రుణాలకు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత వసూలు కోసం ఫోను చేయకూడదు. ఇద్దరూ ఒప్పుకున్న చోటనే వసూలు చేసుకోవాలి. వరుసగా రెండుసార్లో అంతకన్న ఎక్కువో మీరు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. ఇంటికి వచ్చినా బెదిరించడానికి, తిట్టడానికి, బంధువులను వేధించడానికి వీలులేదు. ఒక కుటుంబం కట్టవలసిన అప్పుల కిస్తీలన్నీ కలిపి ఆ కుటుంబపు నెల రాబడిలో సగం దాటకుండా చూసి అప్పివ్వాలి. ఆ రోజు మా సహోదరికి ఈ ఒక్క నియమం ఉన్నా ఆమెకు రెండో అప్పే పుట్టేది కాదు.

అయితే అప్పిచ్చేవాడు ఇప్పుడు అరుగు మీదికి రానక్కర్లేదు. మన జేబులో ఉన్న ఫోనులోనుంచి నేరుగా పడకగదిలోకి వస్తున్నాడు. 2020 కరోనా కాలములో, పనులు పోయిన రోజుల్లో, లోను యాప్‌లు వచ్చాయి. కాగితాలు అడగరు, హామీ అడగరు, పది నిమిషాల్లో డబ్బు. ఐదువేలు మంజూరంటారు, ఖర్చుల పేరుతో ముందే కోసుకుని చేతికి మూడున్నర వేలే ఇస్తారు. వారం తిరిగేసరికి ఐదువేలూ కట్టమంటారు. అసలు ఎర ఆ డబ్బు కాదు. యాప్ దింపుకునేటప్పుడు మన ఫోనులో ఉన్న పేర్లు, నంబర్లు, ఫొటోలు అన్నీ చూడటానికి అనుమతి తీసుకుంటారు. అదే వాళ్ల తాకట్టు. గడువు దాటిన రోజున మన అత్తగారికి, మన ఆఫీసులో వారికి, పిల్లల టీచరుగారికి ఫోన్లు పోతాయి. ఫొటోలు వికారముగా మార్చి పంపుతారు. 2020 డిసెంబరులో తెలంగాణలో కొందరు ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదులో పోలీసులు ఆ వసూళ్ల కాల్ సెంటర్ల మీద దాడులు చేస్తే, అక్కడ ఫోన్ల ముందు కూర్చున్నవారు చాలామంది చిన్న జీతాలకు చేరిన మన పిల్లలే.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనికి కూడా నియమం పెట్టింది. అప్పిచ్చే యాప్ మన ఫోనులోని పేర్ల పట్టికను, ఫొటోలను ముట్టుకోకూడదు. డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడాలి. మొత్తం ఖర్చు ఎంతో ముందే ఒక కాగితం మీద చూపించాలి. అయినా దొంగ యాప్‌లు పోలేదు. ఎవరైనా ఇలాంటి వేధింపులో ఉండి ఈ మాటలు వింటుంటే, దయచేసి వినండి. 1930 అనే నంబరుకు ఫోను చేయండి, అది సైబరు నేరాలకు పెట్టిన నంబరు. ఇంట్లో వారితో చెప్పండి. మీ పాస్టరుగారితో చెప్పండి. ఆ ఫొటో చూసి మిమ్మల్ని చులకన చేసే సంఘమైతే, తప్పు ఆ సంఘానిది. సిగ్గుపడవలసినవాడు ఫోను అవతల ఉన్నాడు. మీ ప్రాణం ఐదువేలకు తాకట్టు పెట్టినది కాదు, అది క్రీస్తు రక్తముచేత కొనబడినది.

తూకముల సంగతి త్వరగా చెబుతాను. ఆమోసు 8వ అధ్యాయములో కొందరు వర్తకులు కనిపిస్తారు. విశ్రాంతి దినమున దుకాణం మూసి ఆరాధనలో కూర్చుంటారు. కాని ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు కొట్టు తీద్దామా అని చూస్తుంటారు. తెరిచాక ఏమి చేస్తారు? కొలపాత్ర చిన్నది చేస్తారు, డబ్బు తూచే రాయి పెద్దది చేస్తారు, తాలును గింజలలో కలిపి అమ్ముతారు. ఈ పనులు ఇప్పటికీ ఉన్నాయి, పరికరం మారింది. 2020 సెప్టెంబరులో తెలంగాణలోను ఆంధ్రప్రదేశ్‌లోను కొన్ని పెట్రోలు బంకుల యంత్రాలలో దొంగ చిప్పులు పెట్టి, లీటరు చూపించి లీటరుకు తక్కువ పోస్తున్నట్టు పోలీసులు పట్టుకున్నారు. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది, ఆ పాత్ర ప్రతి బంకులోను ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు సంవత్సరానికొకసారి తూనికలు కొలతల శాఖవారి ముద్ర పడాలి. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అనే నంబరు ఉంది. బిల్లు అడగడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

కొనేవారికీ ఒక మాట. సామెతలు 20వ అధ్యాయం 14వ వచనం చూడండి. కొనేటప్పుడు సరుకు బాగాలేదు బాగాలేదు అని తీసిపారేసి, బేరం కుదిరి ఇంటికి పోతూ మురిసిపోయేవాడు అక్కడున్నాడు. పెద్ద షాపులో చెప్పిన ధరకు నోరెత్తకుండా కొని, గంపలో కూరలు అమ్ముకునే ముసలమ్మ దగ్గర రెండు రూపాయల కోసం పది నిమిషాలు వాదించే మనలను సొలొమోను చూసి రాసినట్టే ఉంటుంది. ఇక్కడ నవ్వుకుంటున్నవారు రేపు సంతలో గుర్తుంచుకోండి.

ఇప్పుడు మన సంఘములో ఉన్న వ్యాపారులతోను, వడ్డీకి తిప్పేవారితోను మాట్లాడాలి. నేను మిమ్మల్ని విమర్శించడానికి తగినవాడను కానని పైన చెప్పాను. అందుకే నెహెమ్యా దగ్గరికి పోతున్నాను. 5వ అధ్యాయం. కరవు వచ్చింది. ప్రజలు పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టారు. కూతుళ్లను దాస్యములోకి పంపారు. అప్పిచ్చినవాళ్లు అన్యులు కారు, స్వజనులే. నెహెమ్యాకు చాలా కోపం వచ్చింది. అయితే 10వ వచనం దగ్గర ఆగండి. నేనూ, నా బంధువులూ, నా పనివారూ కూడా వీరికి డబ్బు, ధాన్యం అప్పిచ్చినవారమే అని నెహెమ్యా ఒప్పుకున్నాడు. మీరు మానండి అనలేదు. మనం మానుదాం అన్నాడు.

ఏమి తిరిగి ఇవ్వమన్నాడు? పొలాలు, తోటలు, ఇళ్లు, వాటితో పాటు తీసుకున్న నూరవ భాగము కూడా. అది నెలకు తీసుకున్న వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. అలాగైతే మన ఊళ్ల భాషలో నూటికి రూపాయి వడ్డీ. మనం దాన్ని ధర్మవడ్డీ అంటాం కదా! నూటికి మూడు, నూటికి ఐదు తీసుకునేవారున్న చోట, రూపాయి వడ్డీకి ఇచ్చేవాణ్ణి దేవుడిలాంటి మనిషి అంటాం. కరవులో ఉన్నవాడి దగ్గర ఆ రూపాయి కూడా తీసుకోవద్దు, తీసుకున్నది తిరిగి ఇచ్చేయమన్నాడు నెహెమ్యా. వాళ్లు సరే అన్నారు. ఆయన ఆ మాటతో ఊరుకోలేదు, యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. వ్యాపారస్థుల పశ్చాత్తాపానికి సాక్షులుండాలని ఆయనకు తెలుసు.

జక్కయ్య సంగతి మీకు తెలిసినదే. లూకా 19. చెట్టు ఎక్కడం పిల్లలకు బొమ్మలో చూపిస్తాము, 8వ వచనములో ఉన్న లెక్క మాత్రం పెద్దలకు చెప్పము. ఆస్తిలో సగం బీదలకు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఈ లెక్క వేయమని యేసు అడగలేదు. ఆయన అడిగింది ఒక్కటే, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి అని. అప్పులవాణ్ణి బీదవాని గడప బయట నిలబెట్టిన దేవుడు, జనాన్ని పీడించి ధనవంతుడైనవాడి గడప దాటి లోపలికి వెళ్లాడు. వెళ్లాక ఆ ఇంట్లో ఖాతా పుస్తకాలు తెరుచుకున్నాయి. నీ కొట్టు గోడ మీద వాక్యపు క్యాలెండరు ఉండవచ్చు, బల్ల మీద బైబిలు ఉండవచ్చు. ప్రభువు లోపలికి వస్తే మొదట కాటా వైపు చూస్తాడేమో!

"అయ్యగారూ, అందరూ చేస్తున్నారు, చేయకపోతే వ్యాపారం నిలవదు" అని నాతో అన్నవారున్నారు. అది తేలిక మాటని నేననను. మా కుర్రవాడి సంగతి చెబితే తెలుస్తుంది.

ఆ మంగళవారం అయిన వారానికి అతణ్ణి పిలిచి ఈ అధ్యాయం చదివించాను. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. అతను చాలాసేపు ఆ వచనాల వైపే చూసి, "అయితే నేనెక్కడ కూర్చోవాలి అయ్యగారూ?" అని అడిగాడు. గుడి ముందు వేపచెట్టు కింద కూర్చో నాయనా, ఇవ్వగలిగినవారు తెచ్చి ఇస్తారు, ఇవ్వలేనివారు వచ్చి ఆ మాట చెబుతారు, ఎవరి ఇంటికీ పోవద్దు అన్నాను. మూడు వారాలు అలాగే కూర్చున్నాడు. చాలామంది తెచ్చి ఇచ్చారు, అందరూ ఇవ్వలేదు. నాలుగో వారం అతణ్ణి దూరపు మండలానికి మార్చారు. రెండు నెలలకు ఆ ఉద్యోగం మానేశాడు. తరువాత చాలాకాలం సరైన పని దొరకలేదు. వాళ్లమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆదివారం గుడికి వచ్చి, చివర కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్లిపోయేది. ఆమె కోపంలో న్యాయముంది. వాక్యం చెప్పింది నేను, వెల కట్టింది ఆమె కొడుకు. ఆ సంవత్సరం సంఘం అతనికి నెలకింత అని ఇచ్చి ఉండవలసింది. ఇవ్వలేదు. నాకు ఆ ఆలోచన రాలేదు, రావలసింది.

తలలు వంచుదాం.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఉదయం కిస్తీ గడువు ఉండి ఇంకా డబ్బు చేరని ఇళ్లను జ్ఞాపకము చేసికొనుము. ఫోను మోగితే వణికే చేతులను పట్టుకొనుము. అరుగుల మీద కూర్చోవడానికి, ఫోన్లలో తిట్టడానికి జీతం తీసుకుంటున్న మా పిల్లలకు వేరే పని చూపించుము, ఆ పని దొరికేదాకా వారిని పోషించే మనసు మా సంఘాలకు దయచేయుము. కొట్టు తాళం తీయబోతున్న నీ బిడ్డకు కాటా దగ్గర తోడుగా ఉండుము. నేను పేరు చదివి స్తోత్రం చెప్పిన ఆ కానుకను గూర్చి నన్ను క్షమించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.